ఊరికి వెలి, నగరానికి ఔటర్

పెద్ద అంబర్‌పేట్ చౌరస్తాలో, ఔటర్ రింగురోడ్డు విజయవాడ రోడ్డు మీదికి దిగే చోటుకు ఒక నంబరు ఉంది. ఎగ్జిట్ 11. ఎగ్జిట్ అంటే బయటికి పోయే దారి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద ఘట్‌కేసర్, బొంగ్లూరు, రావిర్యాల, తుక్కుగూడ, శంషాబాద్ అన్నీ బయటికి పోయే దార్లే. ఊరి పేరు లోపలికి వచ్చే దారిగా ఎక్కడా కనబడదు. కారులో కూర్చున్నవాళ్లకు ఇందులో వింతేమీ తోచదు. రోడ్డు పక్కన నిలబడి బస్సు కోసం చూసేవాళ్లకు తోస్తుంది. ఈ వ్యాసం అట్లా నిలబడి రాసింది.

ముందే ఒక మాట. రోడ్డు వద్దని మనం అనటం లేదు. దళిత ఉద్యమాల చరిత్రలో చాలా భాగం రోడ్ల చరిత్రే. తిరువాన్కూరు సంస్థానంలో 1893లో అయ్యంకాళి ఎడ్లబండి కట్టుకొని, అంటరానివాళ్లు నడవకూడని బాట మీద పట్టపగలు పోయాడు. 1924లో వైకోం సత్యాగ్రహం జరిగింది గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం. తెలంగాణ పల్లెల్లో గడీ ముందునుంచి చెప్పులు చేతబట్టుకొని పోయిన ముసలోళ్లు నిన్నమొన్నటి దాకా మన మధ్యనే ఉన్నరు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ఊరిని పొగిడేవాళ్లను అంబేద్కర్ ఎట్లా నిలదీశాడో మనకు తెలుసు. ఊరు వదిలిపెట్టి నగరానికి పొమ్మని ఆయన చెప్పింది, పోయే దారి ఒకటి ఉంటుందనే నమ్మకంతోనే. కాబట్టి ఊరు పోతున్నదని మనకు బెంగ లేదు. మనం అడగవలసిన ప్రశ్న వేరు. ఆ రోడ్డు ఎవరి భూమి మీదుగా పోయింది? పోయినాక ఎవరిని ఎక్కించుకుంది?

ఔటర్ అనే మాట దగ్గర కొంచెం ఆగుదాం. ఔటర్ అంటే అవతల. తెలుగు ఊరిలో అవతల ఎవరుంటారో చిన్నపిల్లవాడినడిగినా చెప్తాడు. ఊరు ఒకటి, వాడ ఒకటి. చెరువు కింది తరి పొలం ఊరిది. చెరువు నీళ్లు పారించే నీరడి వాడవాడు, కానీ తరిలో అతనికి మడి ఉండటం అరుదు. ఊరు అవతల గుట్ట, బండ, చెల్క, కంచ, పోరంబోకు. సర్కారు పేదలకు భూమి ఇచ్చినప్పుడల్లా ఈ అవతలి భూమినే ఇచ్చింది. 1958లో 1406 నంబరు జీవో వచ్చింది. అప్పటినుంచి ఇచ్చిన లావుణి పట్టాలకు అమ్మకూడదనే షరతు పడింది. 1977లో అసైన్డ్ భూముల చట్టం తెచ్చి ఆ అమ్మకాన్నే నేరం చేశారు. దళితుని చేతినుంచి పటేలు చేతికి భూమి జారిపోకుండా ఈ చట్టం కాపలా కాస్తుందన్నారు. కొంతవరకు కాసింది కూడా. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ కాపలా కాసినవాడే చివరికి భూమి గుంజుకున్నాడు. అది తర్వాత చెప్పుకుందాం.

ఆ భూములు ఎందుకిచ్చారు? ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఇచ్చారు. రాళ్లు ఏరి, చెట్లు కొట్టి, ఆముదాలో జొన్నలో చల్లుకొని బతకమన్నారు. నగరం పెరిగి పెరిగి తన చుట్టూ ఒక దారి గీసుకోవలసి వచ్చినప్పుడు, గీత ఊర్ల నడిమధ్యనుంచి గీయలేదు. ఊరు అవతలినుంచి గీసింది. వాడను ఊరికి వెలి పెట్టిన గీత, నగరానికి ఔటర్ గీత చాలాచోట్ల ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇది ఏదో ఒక ఇంజనీరు కుట్ర అని నేను అనను. కుట్ర అక్కర్లేదు. భూమి ఎక్కడ చౌక, ఎక్కడ అడిగేవాడు లేడు అని లెక్క వేసుకుంటే చాలు, ఆ లెక్కలోకి కులం తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. ఔటర్ అలైన్‌మెంటు మారిందనీ, పెద్దల భూములు తప్పించటానికే మారిందనీ ఆనాడు ఆరోపణలు పెద్దఎత్తున వచ్చాయి. ఎవరి భూమి తప్పింది అనేదాని మీదనే చర్చ అంతా నడిచింది. ఎవరి భూమి తప్పించుకోలేకపోయింది అనే చర్చ మాత్రం జరగలేదు.

ఈ పరిశీలనకు పెద్ద అంబర్‌పేట్ మంచి చోటు. ఎందుకంటే ఇక్కడినుంచి పోచంపల్లి ఎంతో దూరం లేదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు వాడవాళ్లు, 40 కుటుంబాలు, 80 ఎకరాలు కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అదే భూదానోద్యమమైంది. చరిత్ర పుస్తకాల్లో ఇచ్చినవాడి పేరు ఉంది, ఇప్పించినవాడి పేరు ఉంది. అడిగినవాళ్ల పేర్లు లేవు. వాళ్లు దానం అడగలేదు, భూమి అడిగారు. అప్పటికి తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా విరమించలేదు. భూమి హక్కుగా వచ్చే దారి మూసి, దయగా వచ్చే దారి తెరిచిన ఘట్టమది. ఈ హక్కుకూ దయకూ మధ్య తేడా మనకు 50 ఏళ్ల తర్వాత మళ్లీ, ఈసారి కోర్టు భాషలో, ఎదురైంది. ఈలోగా భూదానం భూములు కూడా నగరం దారిలో పడ్డాయి. పెద్ద అంబర్‌పేట్ పక్కనే కుంట్లూరులో భూదాన్ భూమిలో పేదలు గుడిసెలు వేసుకొని ఉన్నారు. ఆ గుడిసెల కాలనీకి సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి పేరు పెట్టుకున్నారు. భూమి కాగితం మాత్రం ఇంకా తగాదాలోనే ఉంది.

ఇక నగరం సంగతి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ప్రధాని వాజ్‌పేయి వచ్చాడు. 1999లో విజన్ 2020 అన్నారు. 2001లో గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వచ్చింది. దాని పక్కన నానక్‌రామ్‌గూడలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మొలిచింది. నగరం పడమటి కొసన ఇంత డబ్బు పోగయ్యాక దాన్ని విమానాశ్రయానికి కలపాలి కదా. ఔటర్ మొదటి ముక్క అందుకే పుట్టింది. గచ్చిబౌలి నుంచి శంషాబాద్, 22 కిలోమీటర్లు, 2008 నవంబరు. రెండో ముక్క శంషాబాద్ నుంచి పెద్ద అంబర్‌పేట్, 38 కిలోమీటర్లు, 2011. ఘట్‌కేసర్ వైపు ముక్క 2015లో, చివరి కండ్లకోయ 2018లో పూర్తయ్యాయి. రోడ్డుకు నెహ్రూ పేరు పెట్టారు. 2023లో 30 ఏళ్లకు, 7,380 కోట్లకు ఒక ప్రైవేటు కంపెనీకి టోలు వసూలు హక్కు ఇచ్చేశారు. ప్రజాప్రయోజనం అని చెప్పి తీసుకున్న భూమి మీద 30 ఏళ్ల రాబడిని ఒక కంపెనీకి ఇవ్వచ్చు. ఆ భూమి దున్నినవాడికి ఆ రాబడిలో పైసా వాటా అనే ఊహ మాత్రం ఏ ప్రభుత్వానికీ రాలేదు. కాంగ్రెసు, తెలుగుదేశం, టీఆర్‌ఎస్ అని తేడా లేదు. ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే పార్టీ.

ఈ రోడ్డును కట్టించటానికి 2005లో పెట్టిన సంస్థ పేరు హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్. రోడ్డుకు రెండువైపులా కిలోమీటరు దాకా గ్రోత్ కారిడార్. గ్రోత్ అంటే పెరగటం. ఏది పెరిగింది? భూమి ధర. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వమే వేలం వేస్తే ఎకరం 100 కోట్లు దాటింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది. ఈ పెరుగుదల ఎవరి చెమట? రోడ్డు వేస్తేనే కదా ధర వచ్చింది, రైతు చేసిందేముంది అని వాదించేవాళ్లున్నారు. సరే. మరి పక్కనే ఐదెకరాలు కొనిపెట్టుకొని కాలు మీద కాలేసుకొని కూర్చున్న పెద్దమనిషి చేసిందేముంది? ఆయనకు గ్రోత్ దక్కిందే. అసైన్డ్ పట్టాదారుకు మాత్రం అమ్మే హక్కు లేదు కాబట్టి ధర పెరిగినా ఆ ధర అతనిది కాదు. నిషేధిత జాబితాలో ఉన్న అతని కాగితం మీద బ్యాంకు అప్పు పుట్టదు, బిడ్డ పెళ్లికి కుదువబెట్టే వీలు లేదు. 1977 చట్టం పటేలునుంచి కాపాడిన భూమి మార్కెట్టు వచ్చేసరికి మార్కెట్టులో లేని భూమి అయింది. అప్పుడు ప్రభుత్వం వచ్చి, ఇది మేం ఇచ్చిందే కదా అన్నది.

అసలు కథ ఇక్కడుంది. మన విద్యార్థులు దీన్ని శ్రద్ధగా చదవాలి. పట్టా రైతు భూమి తీసుకుంటే ఇచ్చేదాన్ని నష్టపరిహారం అంటారు. మార్కెట్ ధర, దాని మీద సొలేషియం, వడ్డీ, తక్కువైతే కోర్టుకు పోయే హక్కు, ఇవన్నీ ఉంటాయి. అసైన్డ్ రైతు దగ్గర తీసుకుంటే ఇచ్చేదాన్ని చాలాకాలం ఎక్స్‌గ్రేషియా అన్నారు. 1993లో 1307 నంబరు జీవో ఇచ్చి, ఎక్స్‌గ్రేషియా మార్కెట్ ధరతో సమానంగా ఉంటుందని చెప్పారు కానీ సొలేషియం ఉండదన్నారు. ఎక్స్‌గ్రేషియా అంటే ఏమిటి? దయతో ఇచ్చేది. రైలు ప్రమాదంలో చచ్చినవాళ్లకు మంత్రి ప్రకటించేది. ఒకే గట్టుకు ఇటు రెడ్డిగారి చెల్క, అటు మాదిగాయన చెల్క. ఒకే రోడ్డు, ఒకే రోజు కొలతలు, ఒకే గొలుసు. ఇటు పరిహారం, అటు దయ. సొలేషియం అంటే భూమి పోయిన బాధకు ఇచ్చే ఓదార్పు సొమ్ము. అంటే మాదిగాయనకు భూమి పోతే బాధ ఉండదని ప్రభుత్వమే జీవో రాసింది. మనుధర్మం చదివి మండిపడే మనం ఈ జీవోల దగ్గర ఎందుకు మండిపడలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇవి రెవెన్యూ భాషలో ఉండటం వల్ల కావచ్చు. మన విమర్శకులు కవిత్వం చదివినంత ఇష్టంగా పహాణీలు చదవరు.

2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఈ తేడాను కొట్టేసింది. మేకల పాండు కేసు అంటారు. మన రంగారెడ్డి జిల్లాదే, అప్పటి చేవెళ్ల డివిజన్. అసైన్డ్ భూమిని ప్రజాప్రయోజనం కోసం తిరిగి తీసుకుంటే, పట్టా భూమి యజమానికి ఇచ్చినట్టే పూర్తి పరిహారం, సొలేషియంతో సహా ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఎప్పుడంటే అప్పుడు పరిహారం లేకుండా వెనక్కి తీసుకుంటామని పట్టాలో రాసుకున్న షరతు రాజ్యాంగం ముందు నిలవదన్నది. కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత మన వేదికల మీద ఎన్నో తీర్పుల గురించి మాట్లాడుకున్నాం. దాడి కేసుల తీర్పులు మనకు నోటికి వచ్చు. ఈ తీర్పు మాత్రం వాడలకు చేరలేదు. దాడిలో రక్తం కనబడుతుంది. భూసేకరణలో సంతకం కనబడుతుంది, అంతే.

తీర్పు వచ్చాక అంతా మారిందా? 2013 భూసేకరణ చట్టం అసైన్డ్ భూమి ఉన్న కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబమే అన్నది. అయినా ఈ పక్కనే యాచారం, కందుకూరు మండలాల్లో ఫార్మాసిటీ కోసం భూములు తీసుకున్నప్పుడు పట్టా భూమికి ఒక రేటు, అసైన్డ్ భూమికి అంతకంటె తక్కువ రేటు మళ్లీ వినబడ్డాయి. కోర్టు తలుపు తట్టగలిగినవాడికి తీర్పు, తట్టలేనివాడికి తహశీల్దారు చెప్పిందే తీర్పు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ సుప్రీంకోర్టు దాకా పోయినప్పుడు దేశమంతా జింకల గురించి, నెమళ్ల గురించి మాట్లాడింది. మాట్లాడాల్సిందే. కానీ కంచ అంటే పశువులు మేపుకునే బీడు అని, ఆ పశువుల వెంట తిరిగింది ఎవరి పిల్లలని అడిగినవాళ్లు తక్కువ.

భూమి పోయింది, సరే, రోడ్డు అయినా దక్కిందా? పెద్ద అంబర్‌పేట్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు ఔటర్ మీద 60 కిలోమీటర్లు. కారు ఉన్నవాడు గంటలోపు పోతాడు. ఔటర్ మీదికి మోటారు సైకిలు రానివ్వరు, నడిచేవాళ్లను రానివ్వరు. ఆ వేగంలో అది ప్రాణరక్షణే, దాన్ని అంటరానితనం అంటే అతి అవుతుంది. నేను అట్లా అనను. కానీ కారు లేనివాడికి ఏ దారి ఉంచారో చూడండి. ఒక తెల్లవారుజామున చౌరస్తాలో నిలబడ్డ ఒక పెద్దమ్మను అడిగిన, ఏడికి పోతున్నవ్ పెద్దమ్మా అని. "గచ్చిబౌలికి బిడ్డా, ఆఫీసుల ఊడ్వనీకి" అన్నది. పొద్దున్నే నాలుగున్నరకు లేస్తదట. బస్సెక్కి ఎల్.బి.నగర్, అక్కడినుంచి ఇంకో బస్సు, కోఠిలో దిగి మళ్లీ ఇంకోటి. మెట్రో ఉంది కదా పెద్దమ్మా అంటే నవ్వింది. "బస్సయితే ఊకెనే గద" అన్నది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఈ ఒక్క పథకం పెద్దమ్మకు చేసిన మేలు 158 కిలోమీటర్ల ఔటర్ చేయలేదు. ఇది నేను పథకాన్ని పొగడటానికి చెప్పటం లేదు. మెట్రోలో ఆ సౌకర్యం లేదు, అందులో డబ్బు పెట్టి పోతే కూలిలో సగం కాకపోయినా కూరగాయల ఖర్చయితే పోతుంది. ఎల్.బి.నగర్ దాకా మెట్రో 2018లో వచ్చింది, రాయదుర్గం దాకా 2019లో వచ్చింది. అమీర్‌పేటలో మారాలి. రాయదుర్గంలో దిగాక ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు మళ్లీ ఆటోనో, బస్సో. 2003లో వచ్చిన ఎమ్మెమ్టీఎస్ రైలు ఈ దిక్కు చూడనేలేదు.

2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేశారు. అప్పటికే ఔటర్ ఉన్నవాళ్లకు దాని పక్కనే రైలు. ఏడాదికి ప్రభుత్వం మారి ఆ పని ఆపేసింది. నాగోల్, ఎల్.బి.నగర్ మీదుగా విమానాశ్రయానికి పోయే మార్గం, ఎల్.బి.నగర్ నుంచి హయత్‌నగర్‌కు 7 కిలోమీటర్ల మార్గం 2024లో కేంద్రానికి పంపిన రెండో దశ ప్రతిపాదనల్లో పెట్టారు. మంచి మార్పే. కానీ హయత్‌నగర్ దగ్గర ఆగే రైలు పెద్ద అంబర్‌పేట్‌కు ఎగ్జిట్ 11 లాంటిదే, కనబడుతుంది కానీ ఎక్కలేం. ఇదే కాలంలో, 2023లో, నానక్‌రామ్‌గూడ వైపు ఔటర్ పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ వేశారు. పొద్దున్నే ఆరోగ్యం కోసం సైకిలు తొక్కేవాళ్లకు నీడ. ఈ పక్క సర్వీసు రోడ్డు మీద పనికోసం సైకిలు తొక్కేవాళ్లకు లారీ ఇసుక, లారీ పొగ.

తూర్పుకు అసలేమీ రాలేదనటం అబద్ధం. వచ్చినవి ఏమిటో చూడాలి. లారీలు, గోదాములు, మెకానిక్ షెడ్లు. బాటసింగారం దగ్గర లాజిస్టిక్ పార్కు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2020లో కోహెడకు పంపితే ఆ మే నెల గాలివానకు తాత్కాలిక షెడ్లు కూలి మనుషులు గాయపడ్డారు. 2021లో బాటసింగారానికి పంపారు. పడమటికి లెక్కలు రాసే పని, తూర్పుకు బరువులు మోసే పని. ఇది కూడా పాత ఊరి పద్ధతే, కొలత మాత్రం పెద్దది. పడమట లోపల పని దొరికిన మనవాళ్లకు కూడా ఏం పని దొరికింది? పెద్దమ్మ చేసే పనికి ఇప్పుడు హౌస్ కీపింగ్ అని పేరు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ ఇవ్వండని మనం ఎన్నేళ్లుగా అడుగుతున్నాం. ఆ ఒక్క పనిలో మాత్రం అడగకుండానే పూర్తి రిజర్వేషన్ అమలవుతున్నది.

మన మేధావుల్లో ఒక వాదం ఉంది. పెట్టుబడి కులాన్ని కరగదీస్తుంది, దళితుడు కూలీగా కాదు, యజమానిగా ఎదగాలి అని. 2005 తర్వాత దళిత పారిశ్రామికవేత్తల సంఘం వచ్చింది, ఆ వాదానికి ఊపు వచ్చింది. నేను దాన్ని ఎగతాళి చేయను. కులవృత్తి గొప్పదని పాటలు పాడటం కంటె అది మేలు. కానీ పెట్టుబడికి మొదలు ఏదో ఒకటి ఉండాలి కదా. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఆధిపత్య కులాల పెట్టుబడిలో చాలాదానికి మొదలు భూమి. వాడకు ఉన్న మొదలు కూడా భూమే, ఆ అవతలి రాళ్ల భూమి. దాన్ని దయ కింద రాసి తీసుకున్నాక, ఇప్పుడు పారిశ్రామికవేత్తవు కమ్మంటే ఎట్లా? రెండో వాదం నగరాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లది. తోటలు పోయాయి, చెరువులు పోయాయి, ఇరానీ చాయ్ రుచి పోయింది అంటారు. వీళ్ల పాత నగరంలో భాగ్యరెడ్డివర్మ కనబడడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, ఈ నగరం వాడల్లో బడులు నడిపి, ఆదిహిందువులమని చెప్పుకోవటం నేర్పినాయన. దళితులకు హైదరాబాద్ అంటే మొదటినుంచీ జ్ఞాపకం కాదు, అవకాశం. అందుకే అది చేజారుతుంటే మన కోపం ఇరానీ చాయ్‌వాళ్ల కోపంలా ఉండదు.

ఇదంతా అయిపోయిన కథ అయితే ఇంత రాయనక్కర్లేదు. 2025 చివర్లో పెద్ద అంబర్‌పేట్ మున్సిపాలిటీని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు. ఔటర్ ఇక లోపలి రోడ్డు. అవతల ఇంకా అవతలికి జరిగింది. ఆ ఏడాదే మార్చిలో ఫ్యూచర్ సిటీకి వేరే అథారిటీ పెట్టారు, ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం, కందుకూరు సహా 7 మండలాల్లో 56 ఊర్లు. రావిర్యాల ఎగ్జిట్ నుంచి ఆమనగల్లుకు 41.5 కిలోమీటర్లు, 330 అడుగుల వెడల్పు రోడ్డుకు సెప్టెంబరులో శంకుస్థాపన చేశారు. చౌటుప్పల్ వైపు రీజినల్ రింగురోడ్డు గీత మీద రైతులు గొడవ చేస్తున్నారు. పట్టా రైతుల గొడవ పేపర్లలో వస్తున్నది. అసైన్డ్ రైతులు ఎవరు, ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబర్లు అనే జాబితా ఏ పేపరులోనూ నాకు కనబడలేదు.

ఆ జాబితా మనమే చేయాలి. యూనివర్సిటీల్లో అస్తిత్వం మీద ఎం.ఫిల్.లు, పిహెచ్.డి.లు చేసిన మన పిల్లలు పదిమంది కలిస్తే ఒక ఎండాకాలంలో అయ్యే పని. ఎగ్జిట్ 11 నుంచి ఎగ్జిట్ 13 దాకా ఔటర్ కింద పోయిన అసైన్డ్ భూమి ఊరువారీగా ఎంత, దానికి ఇచ్చింది పరిహారమా, ఎక్స్‌గ్రేషియానా, సొలేషియం కలిపారా లేదా అని సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ఆమనగల్లు రోడ్డు గీత మీది ఊర్లలో నోటీసు రాకముందే పాత పహాణీల నకళ్లు తీసిపెట్టుకోవాలి, ఎందుకంటే నోటీసు వచ్చాక పహాణీ దొరకదు. 2004 తీర్పును నాలుగు పేజీల తెలుగులో రాసి వాడ వాడకూ పంచాలి. తహశీల్దారు ఎదుట సంతకం పెట్టేముందు ఆ నాలుగు పేజీలు చదివి వినిపించే మనిషి ఒకరు పక్కన ఉండాలి.